మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం: ఐర్లాండ్ కాల్ సెంటర్లలో మనవాళ్ళు

మొన్న ఉగాది పండగకి డబ్లిన్ శివార్లలో ఒక స్కూల్ హాల్లో మనవాళ్ళందరం కలిశాం. పులిహోర ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడి ఉండగా నా ముందున్న పెద్దాయన మాట కలిపారు. 2001లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డవారు. ఆయన మేనల్లుడు ఇక్కడ మాస్టర్స్ పూర్తి చేశాడట, ఇప్పుడు ఒక కాల్ సెంటర్లో చేస్తున్నాడట. "పద్దెనిమిది లక్షలు అప్పు చేసి వచ్చి ఫోన్లెత్తే పనేంటి తమ్ముడూ? వీడు సరిగ్గా ప్రయత్నం చెయ్యట్లేదేమో అని మా అక్క ఒకటే బాధ" అన్నారు. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే అర్థంకాక అడిగారు. నేనూ ఆ కుర్చీలో దాదాపు రెండేళ్ళు కూర్చుని లేచినవాణ్ణే కాబట్టి అక్కడికక్కడే చెప్పబోయాను. కానీ నా వెనకాల లైను పెరిగిపోతోంది, పులిహోర చల్లారిపోతోంది. "రాసి పంపిస్తాను బాబాయ్ గారూ" అన్నాను. ఇదిగో, రాస్తున్నాను. ఇలాంటి మేనల్లుడో, చెల్లెలో, స్నేహితుడి కొడుకో మీలో చాలామందికి ఉండే ఉంటారు.

ముందు లెక్కలు. 2016 జనాభా లెక్కల్లో ఐర్లాండ్‌లో భారత పౌరులు 11,465 మంది. 2022 లెక్కలకి 45,449 మంది అయ్యారు. పోలండ్, బ్రిటన్ పౌరుల తర్వాత మూడోస్థానం మనదే. ఈ పెరుగుదలలో నర్సులున్నారు, ఐటీ వాళ్ళున్నారు, నాలాగా మాస్టర్స్‌కని వచ్చినవాళ్ళూ బోలెడంతమంది ఉన్నారు.

విద్యార్థిగా వచ్చినవాడికి స్టాంప్ 2 ఇస్తారు. కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో 40 గంటలు పని చెయ్యొచ్చు. చదువయ్యాక స్టాంప్ 1జి. మాస్టర్స్ చేసినవాళ్ళకి మొత్తం 24 నెలలు వస్తుంది. అదికూడా ఒకేసారి కాదు. ముందు 12 నెలలు ఇచ్చి, చదువుకి తగ్గ ఉద్యోగం కోసం నిజంగానే ప్రయత్నిస్తున్నావని చూపిస్తే మిగతా 12 నెలలు ఇస్తారు. కార్డుకి 300 యూరోలు. ఈ 24 నెలల్లో ఎవరి అనుమతీ అక్కర్లేకుండా వారానికి 40 గంటలదాకా ఏ ఉద్యోగమైనా చెయ్యొచ్చు. ఆ తర్వాత ఉండాలంటే మాత్రం ఎవరో ఒక యజమాని వర్క్ పర్మిట్ ఇప్పించాలి.

"ఏ ఉద్యోగమైనా చెయ్యొచ్చు" అన్న ఆ వెసులుబాటే కాల్ సెంటర్ తలుపు తెరుస్తుంది. మంచి కంపెనీకి అప్లికేషన్ పెడితే ఫారంలో నాలుగో ప్రశ్నో అయిదో ప్రశ్నో ఉంటుంది, భవిష్యత్తులో మీకు స్పాన్సర్‌షిప్ అవసరమా అని. అవును అని నొక్కితే చాలాచోట్ల మర్నాటికల్లా "దురదృష్టవశాత్తూ" అని మెయిల్ వస్తుంది. అద్దె మాత్రం ఒకటో తారీఖుకి కట్టాల్సిందే. బ్యాంకు వాయిదా కోసం ఇంటినుంచి నాన్న ఫోను. కాల్ సెంటర్‌కి కావలసింది ఇంగ్లీషు, కంప్యూటర్ వాడకం, ఓపిక. మన దగ్గర మూడూ ఉన్నాయి. ఇంటర్వ్యూ అయిన వారంలోనే చేరిపోయాను. ఒక కరెంటు సప్లయర్ తరఫున ఫోన్లెత్తే కాంట్రాక్టు సంస్థ అది. పేరు చెప్పను, చెప్పి ప్రయోజనమూ లేదు.

అసలు ఇంత చిన్న దేశంలో ఇన్ని కాల్ సెంటర్లు ఎందుకున్నాయన్నది ఆసక్తికరమైన కథే. 1990లలో ఇక్కడ ఉద్యోగాలు దొరక్క కుర్రకారు లండన్‌కీ బోస్టన్‌కీ వెళ్ళిపోతుంటే, విదేశీ పెట్టుబడులు తెచ్చే ప్రభుత్వ సంస్థ ఐడీఏ అమెరికన్ కంపెనీల చుట్టూ తిరిగింది. మీ యూరప్ కస్టమర్లందరి ఫోన్లూ మా దగ్గరికి మళ్ళించండి, మా పిల్లలకి ఇంగ్లీషు వచ్చు, జర్మన్ ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళని యూరప్ నుంచి రప్పిస్తాం, పన్ను తక్కువ, టెలిఫోన్ వ్యవస్థ కొత్తది అని చెప్పుకుంది. కార్ల అద్దె కంపెనీలు, కొరియర్ కంపెనీలు, కంప్యూటర్ కంపెనీలు అలా వచ్చాయి. డబ్లిన్ చుట్టుపక్కల సోర్డ్స్‌లో, టాలాలో, శాండీఫర్డ్‌లో పెద్ద పెద్ద హాళ్ళు వెలిశాయి. సరిగ్గా ఆ దశాబ్దం చివర్లోనే మన గుర్‌గావ్, బెంగుళూరు, హైదరాబాదుల్లో కూడా కాల్ సెంటర్లు మొదలయ్యాయి. అప్పట్లో మనవాళ్ళు రాత్రంతా మేలుకుని, శారద షారన్ అయిపోయి, అమెరికా యాసలో మాట్లాడిన రోజులు మీలో కొందరికి సొంత అనుభవమే అయ్యుంటుంది. ఇక్కడ ఆ వేషాలు లేవు. పగటిపూట పనే, సొంత పేరే. అంతవరకూ మేలు.

అయినా ఫోనెత్తి పేరు చెప్పగానే అవతల ఒక క్షణం ఆగుతారు. "నేను మాట్లాడుతున్నది ఇండియాకా?" అని అడుగుతారు. కాదండీ, డబ్లిన్‌లోనే ఉన్నాను అంటాను. ఒకాయన నమ్మలేదు. "అయితే ఇప్పుడు బయట వాతావరణం ఎలా ఉందో చెప్పు" అన్నాడు. కిటికీలోంచి చూశాను. "వాన" అన్నాను. ఐర్లాండ్‌లో ఈ జవాబు పదిసార్లలో ఏడుసార్లు కరెక్టే అవుతుంది లెండి! ఆయన నవ్వి బిల్లు సంగతిలోకి దిగాడు.

నిజం చెప్పాలంటే ఐరిష్ కస్టమర్లు చాలావరకు మర్యాదస్తులు. ఫోన్ చేసిందే కంప్లయింటు చెయ్యడానికైనా ముందు "ఇబ్బంది పెడుతున్నందుకు సారీ" అంటారు. పని అయ్యాక ఒకసారి బై చెప్పి పెట్టెయ్యరు. బై బై బై బై అంటూ, గొంతు తగ్గించుకుంటూ, దూరంగా వెళ్ళిపోతున్న రైలులాగా ముగిస్తారు. మొదటి వారం మధ్యలో కట్ చేసేసి నేనే తిట్లు తిన్నాను.

పేర్లతో మాత్రం చుక్కలు కనిపిస్తాయి. స్క్రీను మీద అక్షరాలు చూసి "సియోభాన్ గారూ" అంటే అవతల నవ్వు. ఆ పేరు షివాన్. మూల అక్షరాలు చూస్తే నియామ్హ్ అని చదవాలనిపించే పేరు నీవ్. డన్ లీరీ, పోర్ట్‌లీష్ ఊళ్ళ పేర్లు రాసే తీరుకీ పలికే తీరుకీ ఏ సంబంధమూ ఉండదు. వాళ్ళు మన వెంకట సుబ్రహ్మణ్యాన్ని చూసి బెదిరిపోయినట్టే మనం వాళ్ళ పేర్లు చూసి బెదిరిపోతాం. చెల్లుకి చెల్లు. అడ్రసుల సంగతీ అంతే. పల్లెల్లో ఇంటినంబర్లుండవు, ఒకే ఊరి పేరు మీద పది ఇళ్ళుంటాయి. 2015 జులైలో ఒక్కో ఇంటికి ఒక్కో ఏడక్షరాల ఎయిర్‌కోడ్ వచ్చాక ఆ బాధ తగ్గింది గానీ, పెద్దవాళ్ళు చాలామంది దాన్ని గుర్తుపెట్టుకోరు. "చర్చి దాటాక ఎడమవైపు మూడో ఇల్లు బాబూ" అంటారు. మా అమ్మమ్మ కూడా తెనాలిలో అడ్రసు అలాగే చెప్పేది.

ఇదంతా సరదాగానే ఉంది కదా, మరి బాధేమిటి అంటారా? చెప్తాను. ఇక్కడ మీలో ఇంజనీర్లకి నచ్చే విషయం ఒకటుంది.

కాల్ సెంటర్ గణితం వందేళ్ళ పైబడింది. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డేనిష్ గణితవేత్త 1909లో మొదలుపెట్టి, 1917 నాటికి సూత్రాలు తయారుచేశాడు. ఇన్ని కాల్స్ వస్తే ఎన్ని లైన్లు కావాలి, ఎంతమంది ఎంతసేపు వేచి ఉంటారు అన్న లెక్క అది. ఇప్పటికీ కాల్ సెంటర్లలో షిఫ్టులు వెయ్యడానికి ఆధారం అదే. సాధారణంగా పెట్టుకునే లక్ష్యం, వచ్చిన కాల్స్‌లో 80 శాతం 20 సెకన్లలోపు ఎత్తాలి అని.

ఇప్పుడు చూడండి. గంటకి 100 కాల్స్, ఒక్కోటి 6 నిమిషాలు అనుకుందాం. అంటే గంటకి 600 నిమిషాల పని, పదిమందికి సరిపడా. కానీ కాల్స్ వరసలో పద్ధతిగా రావు, గుంపుగా వస్తాయి. అందుకని ఎర్లాంగ్ లెక్క ప్రకారం ఆ లక్ష్యం అందుకోవడానికి 14 మంది కావాలి. ఒక్కొక్కరూ గంటలో 43 నిమిషాలు మాట్లాడతారు, 17 నిమిషాలు ఖాళీ. మంచినీళ్ళు తాగొచ్చు, పక్కవాడితో ఓ మాట మాట్లాడొచ్చు. ఇప్పుడు కాల్స్ పదింతలు చేద్దాం. గంటకి 1000. అప్పుడు 140 మంది కావాలనుకుంటాం కదా? అక్కర్లేదు. 109 మంది చాలు! వరస ఎంత పెద్దదైతే ఒడిదుడుకులు అంత సర్దుకుపోతాయి. కస్టమర్‌కి తేడా తెలీదు, అదే 20 సెకన్లు. కంపెనీకి 31 జీతాలు మిగిలాయి. కుర్చీలో కూర్చున్నవాడికి మాత్రం 17 నిమిషాల ఖాళీ కాస్తా 5 నిమిషాలైపోయింది. గంటలో 55 నిమిషాలు మాటలే, ఎనిమిది గంటలు, వారానికి ఐదురోజులు.

చిన్న చిన్న కాల్ సెంటర్లన్నీ కలిపి ఒక పెద్ద హాల్లోకి తెచ్చినప్పుడల్లా ఇదే జరుగుతుంది. ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. లెక్క చూసి షిఫ్టు వేసేవాడు లెక్క ప్రకారమే వేస్తాడు. నేను మొదటి ఆరు నెలలు నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను, సాయంత్రానికి ఇంత నీరసమేమిటా అని. తర్వాత ఒకరోజు రాత్రి కూర్చుని ఈ లెక్క వేసుకున్నాక, కారణం తెలిసినందుకు కాస్త నిద్రపట్టింది.

దీనికి తోడు మార్కులు. ప్రతి కాల్‌కీ సగటు సమయం చూస్తారు, ఆరు నిమిషాలు దాటితే ఎరుపు రంగు. కాల్ అయ్యాక నోట్సు రాసుకోవడానికి నలభై సెకన్లు. టాయిలెట్‌కి వెళ్ళాలంటే స్క్రీను మీద ఒక కోడ్ నొక్కి వెళ్ళాలి, ఆ నిమిషాలు కూడా లెక్కే. ఇంకోపక్క కస్టమర్ ఇచ్చే రేటింగ్. త్వరగా పెట్టేస్తే రేటింగ్ పడిపోతుంది, నిదానంగా వింటే సమయం పెరిగిపోతుంది. రెండూ ఒకేసారి బాగుండాలి. అత్తగారికి వేడిగా, మామగారికి చల్లగా ఒకే గ్లాసులో కాఫీ ఇవ్వమన్నట్టు.

నేను చేరింది 2022 చివర్లో. ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాసు, కరెంటు ధరలు విపరీతంగా పెరిగిన శీతాకాలం. ప్రభుత్వం ప్రతి ఇంటి కరెంటు ఖాతాకీ 200 యూరోల చొప్పున ఆ శీతాకాలంలో మూడుసార్లు జమ చేసింది. జమ పడనివాళ్ళందరూ మాకే ఫోను. మీటరుకుండే పదకొండంకెల నంబరు అడగాలి, ఖాతా ఎవరి పేరున ఉందో చూడాలి. అద్దెకున్నవాళ్ళలో కొందరికి ఖాతా ఇంటి ఓనరు పేరున ఉంటుంది, డబ్బు ఆయనకే వెళ్తుంది. అది మేం మార్చలేం. "మీ ఓనరుతో మాట్లాడండి" అని చెప్పడమే. నేనూ అద్దెకున్నవాణ్ణే, మా ఖాతా కూడా ఓనరు పేరునే ఉంది!

ఆ డిసెంబరులో ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. రాస్‌కామన్ జిల్లా పల్లె. ఒక్కతే ఉంటుంది. బిల్లు చూసి భయపడి వారంరోజులుగా హీటర్ వెయ్యడం మానేసిందట. అరవలేదు, ఏడవలేదు. "తప్పు నాదేనేమో, ఏమైనా ఎక్కువ వాడేశానేమో చూడు బాబూ" అంది. బిల్లులో తప్పేమీ లేదు, ధర పెరిగిందంతే. వాయిదాల్లో కట్టే ఏర్పాటు చేశాను, వచ్చే జమ సంగతి చెప్పాను, హీటర్ ఆపొద్దని చెప్పాను. పద్నాలుగు నిమిషాలు పట్టింది. స్క్రీను ఎర్రగా మండిపోతోంది. పెట్టేసిన మూడో సెకనుకి చెవిలో బీప్, ఇంకో కాల్. ఆ గొంతు వేరే, ఆయన కోపం వేరే. వెంటనే అదే నవ్వుగొంతుతో "చెప్పండి, మీకెలా సాయపడగలను" అనాలి.

అమెరికాలో హాక్స్‌చైల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే ఆడపిల్లల్ని దగ్గరగా గమనించి 1983లో ఒక పుస్తకం రాశారు. ఒళ్ళు వంచి చేసేది ఒక శ్రమ అయితే, ముఖాన నవ్వు పులుముకుని అవతలివాడి మనసు కుదుటపరచడం ఇంకో శ్రమ, దానికీ జీతం ఉంది, దానికీ అలుపు ఉంది అని ఆవిడ వాదన. మనవాళ్ళు "కూర్చుని మాట్లాడటమేగా" అంటారు చూశారూ, వాళ్ళకి చెప్పవలసిన మాట అది. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ వీడియో కాల్ చేస్తే ఎత్తబుద్ధి అయ్యేది కాదు నాకు. అమ్మ మీద విసుగు కాదు, ఇంకో గొంతు వినే ఓపిక లేక. ఆమెకి అది ఎలా అర్థమవుతుంది?

సరే, కష్టమైన పని లోకంలో చాలా ఉన్నాయి. పైకెళ్ళే దారి ఉంటే కష్టం ఓర్చుకోవచ్చు. బాబాయ్ గారి ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది.

మా హాల్లో పదిహేనుమందికి ఒక టీమ్ లీడర్. అలాంటి ఏడెనిమిదిమంది మీద ఒక మేనేజరు. అంతే మెట్లు. పదిహేనుమందిలో ఒకడికి ఛాన్సు, అదీ పై వాడు ఖాళీ చేస్తే. పోనీ వచ్చిందనుకుందాం. అప్పుడు పర్మిట్ సంగతి వస్తుంది. ఐర్లాండ్ ప్రభుత్వం రెండు జాబితాలు ఉంచుతుంది. ఒకటి దేశానికి అవసరమైన నైపుణ్యాలది, క్రిటికల్ స్కిల్స్. డాక్టర్లు, నర్సులు, ఇంజనీర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు అందులో ఉంటారు. రెండోది పర్మిట్ అసలు ఇవ్వని ఉద్యోగాలది. కాల్ సెంటర్ పని ఆ రెండో జాబితాలో ఉంది. అంటే కంపెనీకి మీరు ఎంత నచ్చినా, నెలనెలా ఉత్తమ ఉద్యోగి బహుమతి ఇచ్చినా, పర్మిట్ ఇప్పించాలని మనసారా అనుకున్నా, ఇప్పించలేదు. టీమ్ లీడర్ అయినా ఇదే గతి అని మా హెచ్.ఆర్. అమ్మాయి పాపం సానుభూతిగానే చెప్పింది.

జాబితాల్లో దేంట్లోనూ లేని ఉద్యోగాలకి జనరల్ పర్మిట్ అని ఒకటుంది. దానికి ముందు యూరప్ అంతటా 28 రోజులు ప్రకటన ఇచ్చి ఎవరూ దొరకలేదని చూపించాలి, జీతం కూడా ఒక గీత దాటాలి. ఆ గీతని 2024 జనవరిలో 30,000 నుంచి 34,000 యూరోలకి పెంచారు. క్రిటికల్ స్కిల్స్ గీత అప్పుడే 38,000 అయింది. (ఇవి మారుతూ ఉంటాయి, దరఖాస్తు చేసే రోజున ఉన్న అంకెలు చూసుకోవాలి.) నాకు గంటకి 13 యూరోలు, వారానికి 39 గంటలు. ఏడాదికి 26,364. అప్పటి కనీస వేతనం 12 యూరోల 70 సెంట్లు అని గుర్తుంచుకోండి. రెండేళ్ళ అనుభవానికి కనీస వేతనం మీద వచ్చిన తేడా 30 సెంట్లు!

కాబట్టి 24 నెలల గడియారం మొదటిరోజు నుంచే తిరుగుతూ ఉంటుంది. కాల్ సెంటర్లో గడిపిన ప్రతి నెలా అద్దె కట్టిపెడుతుంది, గడియారంలో ఒక నెల తినేస్తుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, సీవీలో ఏడాదిన్నర కస్టమర్ సర్వీసు కనబడితే డేటా ఉద్యోగం ఇచ్చేవాడు "మాస్టర్స్ తర్వాత ఏం చేశావు?" అని అడుగుతాడు. మేనల్లుడు ప్రయత్నం చెయ్యట్లేదని కాదు బాబాయ్ గారూ. రోజుకి ఎనిమిది గంటలు మాట్లాడి వచ్చి, రాత్రి పది దాటాక కోడింగ్ పరీక్షలు రాస్తున్నాడు. ఆ అలుపులో ఎలా రాస్తాడో అలాగే రాస్తాడు.

మా ఇంట్లో మేం నలుగురం ఉండేవాళ్ళం. ఒకడి గడువు తీరిపోయింది, విజయవాడ వెళ్ళిపోయాడు. అప్పు ఇంకా తీరుస్తున్నాడు. ఇంకొకాయన కథ వేరు. ఆయన భార్య నర్సు, క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ మీద ఉంది. 2019 మార్చి నుంచి అలాంటివారి భార్యాభర్తలకి వేరే పర్మిట్ లేకుండానే పనిచేసే స్టాంప్ 1జి ఇస్తున్నారు. 2024 మే నుంచి జనరల్ పర్మిట్ వాళ్ళ భార్యాభర్తలకి కూడా ఇది వర్తించింది. ఆయనకి గడియారం భయం లేదు. ఊళ్ళో పదేళ్ళు సివిల్ ఇంజనీరుగా చేసినవాడు, ఇక్కడ పిల్లవాణ్ణి స్కూలుకి దింపి వచ్చి హెడ్‌సెట్ పెట్టుకుంటాడు. "నాకు గడువు లేదు కదా, అదే నా గడువు. ఎప్పుడు బయటపడాలో ఎవరూ చెప్పరు" అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

ఉన్న ఉద్యోగమైనా ఖాయమా అంటే అదీ లేదు. 2011 సెప్టెంబరులో వాటర్‌ఫర్డ్‌లో టాక్‌టాక్ వాళ్ళ కాల్ సెంటర్ నెలరోజుల నోటీసుతో మూతపడింది. 575 మంది రోడ్డున పడ్డారు. అంత చిన్న నగరానికి అది ఎంత దెబ్బో ఊహించండి. తలుపులు మూసి పని వేరే దేశానికి పంపడం ఒకప్పటి భయం. ఇప్పుడు మామూలు ప్రశ్నలన్నీ యాప్, చాట్‌బాట్ చూసుకుంటున్నాయి. దాంతో మనిషి దాకా వచ్చేవి చిక్కుముడులూ కోపాలూ మాత్రమే. పని తగ్గింది అంటారు బయటివాళ్ళు, లోపలున్నవాడికి తేలిక కాల్స్ పోయి బరువైనవే మిగిలాయి.

చట్టం సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి. మనవాళ్ళు స్టాంపు పోతుందేమోనని నోరెత్తరు. 1997 నాటి పనిగంటల చట్టం ప్రకారం నాలుగున్నర గంటలు దాటితే పావుగంట, ఆరు గంటలు దాటితే అరగంట విరామం ఇవ్వాలి. ఏడాదికి నాలుగు వారాల జీతంతో సెలవు. ఆదివారం పనికి ఏదో రూపంలో అదనం ఉండాలి. 2022 డిసెంబరు నుంచి ప్రొబేషన్ మామూలుగా ఆరునెలలు మించకూడదు. 2023 నుంచి జబ్బు సెలవుకి కూడా జీతం వస్తుంది, 2024లో అది ఏడాదికి అయిదు రోజులైంది. డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి, 13 వారాలు సర్వీసు నిండాలి. వీటిలో తేడా వస్తే వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్ అని 2015లో ఏర్పడిన సంస్థ ఉంది, ఫిర్యాదుకి ఫీజు లేదు. మామూలుగా ఆరునెలల్లోపు పెట్టాలి. మా హాల్లో ఆదివారం అదనం ఎందుకు లేదని ఒక బ్రెజిల్ అమ్మాయి అడిగింది, చట్టం ముక్క ప్రింటు తీసి చూపించింది. రెండు నెలలకి అందరికీ వచ్చింది. మేం ఆరుగురం తెలుగువాళ్ళం ఉన్నాం ఆ షిఫ్టులో. ఒక్కళ్ళమూ అడగలేదు. దానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది నాకు.

నేను ఎలా బయటపడ్డానంటే, పెద్ద ప్రతిభ ఏమీ లేదు. పదిహేడో నెలలో షిఫ్టులు వేసే ప్లానింగ్ టీములో ఒకావిడ ప్రసూతి సెలవుకి వెళ్ళింది. ఎక్సెల్ వచ్చినవాళ్ళెవరైనా రెండువారాలు సాయం చేస్తారా అని మెయిల్ వచ్చింది. నేను అప్పటికే నా నీరసం లెక్క కోసం ఎర్లాంగ్ సూత్రం రాసుకుని ఉన్నాను కదా, అదే పట్టుకెళ్ళాను. రెండువారాలు రెండునెలలైంది. జీతం పెరగలేదు, అక్కడ పర్మనెంటు పోస్టూ రాలేదు. కానీ సీవీలో "కాల్స్ అంచనా, సిబ్బంది ప్రణాళిక" అని ఒక లైను చేరింది. ఆ లైను మీదే ఇంకో కంపెనీ అనలిస్టుగా పిలిచింది. క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ చేతికొచ్చేసరికి నా స్టాంపులో పదకొండు వారాలు మిగిలాయి. ఆ మెయిల్ రాకపోయినా, ఆవిడ ఇంకో నెల ఆగి సెలవు పెట్టినా, నేనూ విజయవాడ విమానం ఎక్కేవాణ్ణే.

అందుకని కాల్ సెంటర్లో ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను చెప్పేది, హెడ్‌సెట్ పక్కన ఉన్న గదులు చూడండి అని. ప్లానింగ్, రిపోర్టింగ్, క్వాలిటీ, మోసాల తనిఖీ, కస్టమర్ సమాచార భద్రత. చదువుకి దగ్గరగా ఉన్న పని ఆ గదుల్లో ఉంటుంది, పర్మిట్‌కి పనికొచ్చే పేరున్న ఉద్యోగాలూ అక్కడే దొరకొచ్చు. మొదటి 12 నెలల్లోనే అడగడం మొదలుపెట్టండి. అప్లై చేసిన ప్రతి ఉద్యోగం మెయిలూ దాచుకోండి, స్టాంపు పొడిగింపుకి అవే సాక్ష్యం. ఒకసారి పర్మిట్ వచ్చాక కూడా ఆ యజమాని దగ్గరే జీవితాంతం కట్టుబడి ఉండనక్కర్లేదు, 2024 సెప్టెంబరు నుంచి తొమ్మిది నెలల తర్వాత మారే వీలుంది.

బాబాయ్ గారూ, మీలాంటి పెద్దలకి ఒక విన్నపం. మేనల్లుణ్ణి "ఏమైనా దొరికిందా" అని వారంవారం అడక్కండి. ఆ ప్రశ్న వాడు రోజుకి అరవైసార్లు ఇంకో రూపంలో వింటున్నాడు. ఒక ఆదివారం భోజనానికి పిలిచి, వాడి సీవీ మీ ఆఫీసు కళ్ళతో చదవండి. ఆ ఫారంలో స్పాన్సర్‌షిప్ ప్రశ్నకి అవతల కూర్చునేది మీలాంటివాళ్ళే. క్రిటికల్ స్కిల్స్ పర్మిట్‌కి ఆ 28 రోజుల ప్రకటన గొడవ లేదని మీ మేనేజరుకి తెలీకపోవచ్చు. చాలామంది మేనేజర్లు పర్మిట్ అంటే కోర్టు వ్యవహారమనుకుని భయపడతారు. మీరొక్క మాట చెప్తే ఆ భయం పోతుంది. నా విషయంలో అలా చెప్పినవారు ఒక కేరళ మేడమ్, నాకు అంతకుముందు పరిచయం కూడా లేరు.

నా చివరి షిఫ్టు ఒక శుక్రవారం. ఆఖరి కాల్ ఏదో పెద్దది వస్తుందనుకున్నాను. ఒకాయన మీటరు రీడింగు చెప్పడానికి చేశాడు, రెండు నిమిషాల్లో అయిపోయింది. అన్ని అంకెలూ సరిపోయాయి. ఆయన బై బై బై బై అంటుంటే ఈసారి పూర్తిగా అయ్యేదాకా ఆగాను. స్క్రీను ఆకుపచ్చగా ఉంది.